బంద్ రోజు రికార్డు చేసిన నిశ్శబ్దం

దయ్యాలకు భయపడే తీరిక నాకు ఎప్పుడూ లేదు. బాలానగర్‌లో ఒక నర్సింగ్ హోంలో పన్నెండేళ్ళు ఆయాగా పనిచేశాను. చనిపోయినవాళ్ళ ఒళ్ళు తుడిచాను, దవడలకు గుడ్డ కట్టాను, బంధువులు వచ్చేదాకా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక్కరూ లేవలేదు, ఒక్కరూ పలకరించలేదు. నన్ను ఏడిపించినవాళ్ళందరూ బతికున్నవాళ్ళే. అందుకే ఎవరైనా దయ్యం సంగతి ఎత్తితే నాకు చిరాకు.

ఇది రాయడానికి కూడా చిరాకుగానే ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నాతోపాటు విన్న మనిషి ఇంకొకాయన ఉన్నాడు. విన్నది విన్నట్టు చెబుతాను.

నాకు అక్షరాలు వచ్చింది ఇరవై ఎనిమిదో ఏట. మా బస్తీలో సాయంత్రం పూట నడిచే వయోజన విద్యా కేంద్రంలో, నా కూతురి పలక మీద దిద్దుకున్నాను. తర్వాత సార్వత్రిక విశ్వవిద్యాలయం అర్హత పరీక్ష రాసి డిగ్రీ చేశాను. నలభై ఏళ్ళకు మాదాపూర్‌లో ఒక ప్రైవేటు సంస్థలో ఎం.ఏ. బ్రాడ్‌కాస్ట్ జర్నలిజంలో చేరాను. టీవీ, రేడియో వార్తలు తయారుచేయడం నేర్పే రెండేళ్ళ కోర్సు. క్లాసులో ఇరవై ఇద్దరం. ఇరవై ఒక్కమందికి నేను ఆంటీని.

అవి తెలంగాణ ఉద్యమం రోడ్ల మీద ఉన్న రోజులు. ఇవాళ రాస్తారోకో, రేపు రోడ్డు మీద వంటా వార్పూ, ఎల్లుండి బంద్. మా బస్తీ ఆడవాళ్ళతో కలిసి నేనూ రోడ్డు మీద పొయ్యి పెట్టి అన్నం వండాను. మర్నాడు పొద్దున్నే క్లాసుకు వెళ్ళి వార్తలు చదివే భాష నేర్చుకునేదాన్ని.

వాయిస్ పాఠం, ప్రొడక్షన్ పాఠం రెండూ ఒకే సారు చెప్పేవారు. మర్యాదస్తుడు. మర్యాదగానే కోసేవారు.

"ఎల్లమ్మగారూ, మీ గొంతు చాలా బాగుంటుందండీ. భాషతోనే ఇబ్బంది."

"భాషకేమైంది సార్?"

"అంటే... వార్తల్లో అలా మాట్లాడరు కదండీ. మీరు డెస్కులో పనిచేయడానికి బాగా సరిపోతారు."

డెస్కు అంటే తెర వెనక కూర్చుని రాసేది. ముఖం కనపడదు, గొంతు వినపడదు. వెనక బెంచీలో ఎవరో "ఆంటీ, కామెడీ సీరియల్‌లో తీసుకుంటరులే, ఫికర్ చెయ్యకు" అన్నారు. అన్నవాడిది కోస్తా కాదు, మా తెలంగాణే. అది ఇంకా మండింది.

చివరి సెమిస్టర్లో ప్రతి విద్యార్థీ పది నిమిషాల డాక్యుమెంటరీ ఒకటి తీయాలి. నేను మా అమ్మ మీద తీస్తానన్నాను.

మా అమ్మ పేరు బాలమ్మ. పాలమూరు నుంచి వలసవచ్చి, మాదాపూర్‌ను ఆనుకుని ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ ఈ రాయదుర్గం గుట్టల్లో కంకర కొట్టేది. రాయి ఎగిరిపోకుండా చుట్టూ పాత టైరు ముక్క పెట్టుకుని, రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. తర్వాత చేత్తో కంకర పక్కకు నెట్టడం. మళ్ళీ రెండు చిన్నవి, ఒక పెద్దది. నా తొమ్మిదో ఏట, గుట్టలో బండ పగలగొట్టే మందు తూటా పేల్చినప్పుడు రాయి తగిలి చనిపోయింది. నేను గుడిసెలో జొన్నరొట్టె చేస్తున్నాను. పేలుడు వినపడింది. రోజూ వినే చప్పుడే కదా అని తల కూడా ఎత్తలేదు.

తూటా పేల్చడానికి ఒక పద్ధతి ఉండేది. మేస్త్రీ ఎర్రగుడ్డ పట్టుకుని మూడు కేకలు వేయాలి. మొదటి కేకకు అందరూ సుత్తెలు కింద పెట్టాలి. చేతిలో సుత్తె ఉంటే తిట్టేవాళ్ళు, కొట్టేవాళ్ళు కూడా. రెండో కేకకు ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని పెద్ద బండ వెనక్కి వెళ్ళాలి. మూడో కేక తర్వాతే వత్తికి నిప్పు పెట్టాలి. సాయిలు మేస్త్రీ తాను మూడు కేకలూ వేశానని పోలీసులకు చెప్పాడు. పంచనామాలో "హెచ్చరికను లెక్కచేయకుండా పనిస్థలంలో ఉండిపోయినందున" అని రాశారు. కింద మా నాయన వేలిముద్ర వేశాడు. ఏం రాసి ఉందో ఆయనకు ఎవరూ చదివి చెప్పలేదు.

ఆ కాగితం నకలు మా రేకుపెట్టెలో ఇరవై ఏళ్ళు ఉంది. నాకు చదవడం వచ్చాక చదివిన మొదటి సర్కారు కాగితం అదే. కూడబలుక్కుని చదివాను. "లెక్కచేయకుండా" అనే మాట దగ్గరికి రాగానే లోపల ఏదో కాలిపోయింది. చదువుకుంటే వెలుగు వస్తుందని కేంద్రంలో చెప్పేవాళ్ళు. నాకు వచ్చిన వెలుగు అది.

కాబట్టి నేను ఎం.ఏ. చదివింది ఉద్యోగం కోసమే అని చెప్పలేను. ఆ ఒక్క వాక్యం అబద్ధమని నలుగురి ముందు తెర మీద చెప్పాలనుకున్నాను.

ఆ రోజు అమ్మ పక్కనే కంకర కొట్టిన రాజవ్వ ఇంకా బతికే ఉంది. అప్పుడే ఆమె ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. కెమెరా ముందు కూర్చోబెట్టి అడిగాను.

"యాడి కేక బిడ్డా? కేకేస్తే నేను సుత్తె ఇడువనా? నా సేతుల సుత్తె సేతులనే ఉండె. మీ అమ్మ సేతుల గూడ గంతే."

సారు చూశారు. బాగుందన్నారు. కానీ, "ఒక మనిషి తప్పు చేశాడని చెప్పాలంటే రెండు ఆధారాలుండాలండి. ఈమె మీ అమ్మగారి స్నేహితురాలు. మేస్త్రీగారేమో వేశానంటున్నారు. ఇంకో సాక్ష్యం దొరక్కపోతే ఆ ముక్క తీసేయండి" అన్నారు.

అది మంచి నియమమే. ఆ పంచనామా రాసిన పోలీసు ఎన్ని సాక్ష్యాలు చూశాడని అడిగాను. సారు టైం చూసుకున్నారు.

మిగిలినవాళ్ళెవరూ బతికి లేరు. గుట్ట పని పట్టిన కంట్రాక్టరూ పోయాడు. క్లాసులో కొందరు కంట్రాక్టరు ఆంధ్రవాడయ్యుంటాడని, అది గట్టిగా చెబితే సినిమా బాగా ఆడుతుందని సలహా ఇచ్చారు. వాడు మా జిల్లావాడే. మా పక్క ఊరివాడే. అదే చెప్పాను. ఎవరికీ నచ్చలేదు. సాయిలు మేస్త్రీ ఒక్కడే మిగిలాడు. లింగంపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ ఒకే మాట.

"మూడు కేకలేసిన బిడ్డా. మీ అమ్మకే ఇనవడలే. నేనేం జెయ్యాలె?"

ఇంకో పది రోజుల్లో సినిమా ఇచ్చేయాలి. అప్పుడే ఆ బంద్ వచ్చింది.

బంద్ రోజున బస్సుల్లేవు, రైళ్ళు లేవు. బాలానగర్ నుంచి మాదాపూర్ దాకా నడిచాను. నడవడానికి కారణం ఉంది. మామూలు రోజుల్లో మా స్టూడియోలోకి కూడా ఏదో ఒక రొద వచ్చేది. పక్క బిల్డింగుల జనరేటర్లు, లారీలు. బంద్ రోజు ఐటీ కారిడారంతా చప్పుడు లేకుండా ఉంటుంది. నా గొంతు రికార్డు చేయడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు.

స్టూడియో చూసుకునేది జోసెఫ్ గారు. గుంటూరు వైపు మనిషి. ముప్పై ఏళ్ళు రేడియోలో సౌండు ఇంజనీరుగా చేసి రిటైరై ఇక్కడ చేరారు. సంస్థ వెనక గదిలోనే ఉండేవారు. నన్ను చూసి నవ్వారు.

"మీవాళ్ళు బంద్ చేస్తే నా సౌండు బాగుపడుద్దమ్మా. వారానికొకటి చేయమను."

"జర మంచినీళ్ళియ్యుండ్రి సార్, తర్వాత చెప్త మావాళ్ళకు" అన్నాను.

మా స్టూడియో రెండో సెల్లార్లో ఉండేది. గుట్టను తొలిచి కట్టిన బిల్డింగు. గోడలకు స్పాంజి, తలుపుకు రబ్బరు. ఏసీ ఆపేశారు. పై అంతస్తుల్లో ఆ రోజు ఎవరూ లేరు. వాచ్‌మన్ గేటు దగ్గర కుర్చీలో నిద్రపోతున్నాడు. మధ్యాహ్నం రెండు కావస్తోంది.

నా వ్యాఖ్యానం రెండు రకాలుగా చదివాను. సారు చెప్పిన భాషలో ఒకసారి, నా భాషలో ఒకసారి. రెండూ అయ్యాక జోసెఫ్ గారు "ఇప్పుడు రూమ్ టోన్ తీసుకుందాం" అన్నారు.

ఇది ఆ పనిలో తప్పనిసరి. ఎక్కడ రికార్డు చేసినా చివర్లో అందరూ కదలకుండా నిలబడి, ఆ చోటి నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయాలి. తర్వాత మాటలు కత్తిరించి అతికించేటప్పుడు మధ్య ఖాళీల్లో ఆ నిశ్శబ్దం పరుస్తారు. లేకపోతే అతుకు తెలిసిపోతుంది.

నేను మైకు ముందు నిలబడ్డాను. ఆయన అద్దం అవతల మిషన్ దగ్గర. ఒక నిమిషం గడిచింది. నాకు నా ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. ఆయన బొటనవేలు ఎత్తి చూపించారు. తర్వాత సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు.

ఆయన ముఖం మారింది. నన్ను లోపలికి పిలిచి హెడ్‌ఫోన్లు నాకిచ్చారు. "ఇదేంటమ్మా?" అన్నారు.

మొదటి ఏడు సెకన్లు గది రొద, సన్నగా. తర్వాత సుత్తె. రెండు చిన్నవి, ఒక పెద్దది. కంకర పక్కకు నెట్టిన గరగర. రెండు చిన్నవి, ఒక పెద్దది. దూరంగా కాదు, మైకుకు అడుగు దూరంలో ఉన్నట్టు. పెద్ద దెబ్బకు ముందు ఒకసారి ముక్కుతో ఊపిరి పీల్చడం కూడా ఉంది.

అలా నలభై తొమ్మిదో సెకను దాకా సాగింది. నలభై తొమ్మిదిలో ఒక మొద్దు చప్పుడు, బరువైన తలుపు వేసినట్టు. తర్వాత ఏమీ లేదు. జోసెఫ్ గారు మీటరు చూపించారు. చివరి పదకొండు సెకన్లూ ముల్లు అడుగున పడి ఉంది. గది రొద కూడా లేదు. మిషన్ నడుస్తుండగా అలా జరగడం తన ముప్పై ఏళ్ళలో చూడలేదన్నారు.

నేను మళ్ళీ విన్నాను. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాను. నాకు అందులో ముఖ్యంగా తెలిసింది అది అమ్మ దెబ్బ అని కాదు. అది మొదటి మూడు దెబ్బలకే తెలిసింది. పేలుడు చప్పుడు వచ్చే క్షణం దాకా సుత్తె ఆగలేదు. ఒక్క దెబ్బ తడబడలేదు. కేక లేదు. కేక ఉంటే సుత్తె కింద పెట్టేది. పిల్లలు గలవాళ్ళెవరూ ఆ కేకను లెక్కచేయకుండా ఉండరు.

జోసెఫ్ గారు నమ్మే మనిషి కాదు. చర్చికి వెళతారు కానీ ఇలాంటివి వింటే నవ్వుతారు. ఆయన రెండు సెల్లార్లూ తిరిగి వచ్చారు. నీళ్ళ పైపులు చూశారు. వాచ్‌మన్‌ను లేపి పక్క సైట్లో పని నడుస్తోందా అని అడిగారు. "బంద్ రోజు ఎవడు జేస్తడు సార్?" అన్నాడు వాడు. మైకు మార్చి, కేబుల్ మార్చి ఇంకో నాలుగుసార్లు రూమ్ టోన్ తీశారు. నాలుగింటిలోనూ గది రొద తప్ప ఏమీ లేదు.

"పాత రికార్డింగేదైనా డిస్కులో మిగిలి కలిసిందేమో" అన్నారు చివరికి. డిస్కు ఆ పొద్దునే ఫార్మాట్ చేసింది తానేనని వెంటనే తనకే గుర్తొచ్చింది.

మర్నాడు సారుకు వినిపించాం. ఆయన పూర్తిగా వినలేదు.

"ఎఫెక్ట్స్ సీడీలోంచి తీసి కలిపారా? డాక్యుమెంటరీలో ఇలా చేస్తే డిబార్ చేస్తారండీ."

"నేనే రికార్డు చేశాను సార్" అన్నారు జోసెఫ్ గారు.

"మీరు కూడానా?" అని నవ్వి, నా వైపు తిరిగి, "నిజాయితీ ముఖ్యం ఎల్లమ్మగారూ. మీరు ఎక్కడినుంచి వచ్చారో నాకు తెలుసు. ఆవేశం అర్థం చేసుకుంటాను" అన్నారు.

ఆ మాటకు ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. చచ్చిన మనిషి మీద అబద్ధం రాసినవాడిది వృత్తి. అది అబద్ధమన్నవాళ్ళది ఆవేశం. "నేను రాయి కొట్టేటోళ్ళ బిడ్డను సార్, దొంగసౌండు కలిపే చదువు నాకింకా రాలే" అని బయటికి వచ్చేశాను.

ఆ ఆదివారం జోసెఫ్ గారు, నేను లింగంపల్లి వెళ్ళాం. చిన్న కెమెరా, ఒక మైకు, ఆ నిమిషాన్ని ఎక్కించుకున్న చిన్న మిషన్, హెడ్‌ఫోన్లు. సాయిలు మేస్త్రీ వరండాలో కుర్చీలో ఉన్నాడు. డెబ్బై ఐదు దాటి ఉంటాయి. చూపు సరిగ్గానే ఉంది, చెవులు సరిగ్గానే ఉన్నాయి.

"మల్ల ఒచ్చినవా బిడ్డా? ఛాయ్ తాగి పో. గా ముచ్చట మాత్రం అడగకు."

"అడగ తాతా. ఒక సప్పుడు ఇంటవా, గంతే" అన్నాను.

ఏ చప్పుడో చెప్పలేదు. ఎక్కడిదో చెప్పలేదు. జోసెఫ్ గారు కెమెరా ఆన్ చేసి పక్కకు జరిగారు. నేనే ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను.

కొంతసేపు ఏమీ జరగలేదు. ఛాయ్ గ్లాసు చేతిలోనే ఉంది. తర్వాత గ్లాసు ఒరిగి పంచె మీద ఒలికింది. ఆయనకు తెలియలేదు. కుడిచెయ్యి పైకి లేచింది, గుడ్డ పట్టుకున్నట్టు పిడికిలి బిగించి. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మిషన్ మీద నేను చూశాను, ముప్పై ఎనిమిదో సెకను.

అరిచాడు.

"పేలుతదీ... జరుగుండ్రో!"

కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. రెండోసారి అరిచాడు. మూడోసారికి గొంతు పగిలిపోయింది. ఎదురుగా పక్కింటి గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడను చూస్తూ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నలభై తొమ్మిది దాటాక ఆగి, కుర్చీలో పడిపోయాడు.

నేను హెడ్‌ఫోన్లు తీశాను.

"ఎయ్యలే బిడ్డా" అన్నాడు. "ఒక్క కేక గూడ ఎయ్యలే. జీపు ఒచ్చి నిలవడ్డది. జల్ది కానియ్యుమని అంటుండు కంట్రాక్టరు. ఆడోళ్ళు బువ్వకు పోయిన్రనుకున్న. అగ్గి వెట్టిన. గంతల్నే మీ అమ్మ సుత్తె ఇనవడ్డది. అరుద్దమంటే నోరు పెగల్లే."

కోడలు "ఏంది మామా గిది?" అంటూ నిలబడిపోయింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"రెండు సిన్నయి, ఒకటి పెద్దది. నీ అమ్మ కొట్టుడే గది. ఎవలు పట్టిన్రు గప్పుడు? మా తాన గసొంటి మిషిని ఏడున్నది?"

ఆయన ఏడుస్తున్నాడు. జోసెఫ్ గారు తల తిప్పుకున్నారు. నాకు కన్నీళ్ళు రాలేదు. నా చెయ్యి విడిపించుకుని, మైకు ఆయన చొక్కాకు సరిగ్గా పెట్టి, "కేకలకు సౌండు పగిలింది తాతా. నీ పేరు, ఊరు జెప్పి, గిప్పుడన్నదే మల్లొక్కసారి అను" అన్నాను.

అన్నాడు. పూర్తిగా, పేరుతో, ఊరుతో సహా అన్నాడు. ఆ రోజు నేను అంత కఠినంగా ఉన్నానని జోసెఫ్ గారు తర్వాత ఒకసారి అన్నారు. ముప్పై రెండేళ్ళు ఆయన నిద్రపోయాడు కదా, నా కఠినత్వం రెండు నిమిషాలు అన్నాను.

డాక్యుమెంటరీలో రాజవ్వ మాట, మేస్త్రీ మాట పెట్టాను. రెండు ఆధారాలు. వ్యాఖ్యానం నా భాషలోనే ఉంచాను. రూమ్ టోన్ పెట్టలేదు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు చూసి, ఇన్నేళ్ళుగా కాదన్న మనిషితో ఎలా ఒప్పించారని అడిగాడు. కూర్చుని వినమన్నాను, విన్నాడు, చెప్పాడు అన్నాను. అబద్ధం కాదు. సారు ఆ పూట నా వైపు చూడలేదు. పాసయ్యాను.

ఆ రికార్డింగు మాయమైపోలేదు. ఇప్పటికీ నా దగ్గర ఉంది. తర్వాత ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లకు వినిపించాను. ఒకరు పైపులు చల్లబడ్డప్పుడు అలా కొట్టుకుంటాయన్నారు. మరి చివర ఆ పదకొండు సెకన్లేమిటంటే తెలియదన్నారు. ఇంకొకాయన, నీకు అమ్మ మీద ధ్యాస ఉంది కాబట్టి అలా వినపడుతోందన్నాడు. సాయిలు మేస్త్రీకి ఏ ధ్యాస ఉందని లేచి అరిచాడో ఆయన చెప్పలేదు. మా స్టూడియో ఉన్నచోటే ఆ గుట్ట ఉండేదా అంటే అదీ రుజువు చేయలేను. "గాడనే" అంటుంది రాజవ్వ. గుట్టలన్నీ చదును చేశాక ఏది ఎక్కడుండేదో ఎవరికి తెలుసు?

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు అందరితోపాటు నేనూ గులాలు చల్లుకున్నాను. మర్నాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ విన్నాను. నాకు అర్థం కానిది ఎక్కడినుంచి వచ్చిందన్నది ఒక్కటే కాదు. అందరూ చావు తర్వాత విశ్రాంతి అంటారు. పన్నెండేళ్ళు శవాల పక్కన కూర్చున్న నేనూ అలాగే అనుకున్నాను. ఆ నిమిషంలో ఆమె పాడటం లేదు, ఏడవడం లేదు, నన్ను పిలవడం లేదు. కంకర కొడుతోంది.

ఆ మధ్యాహ్నం ఆ సెల్లార్లో సుత్తె పట్టుకున్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మా అమ్మే అయితే మాత్రం, చచ్చి ముప్పై రెండేళ్ళయ్యాక కూడా ఆమెను పనిలోంచి దిగనివ్వనిది ఎవరో నాకు ఎవరైనా చెప్పాలి.